అటువైపు ఆరేసిన దుప్పటి

కూతురి నీళ్ళ సీసా మూతలో ఇరుక్కున్న రబ్బరు రింగును పిన్నీసు మొనతో మెల్లగా పైకి లేపుతోంది ఆమె. ఒక పక్క లేస్తే ఇంకో పక్క దిగుతుంది. రోజూ ఇదే తంతు. ఎంత కడిగినా మర్నాటికి రింగు కింద వెంట్రుకంత సన్నగా నల్లటి గీత ఒకటి పట్టేస్తుంది. పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది, వేడినీళ్ళలో వేసి, తీసి, వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ రుద్దుతుంది. చిన్నప్పుడు తను నీళ్ళెక్కడ తాగిందో తలుచుకుంటే ఈ రింగు పట్టుకుని నిలబడటం నవ్వులాటగా ఉంటుంది. పని ఆగిపోయిన మేడ దగ్గర సిమెంటు తొట్టి ఉండేది. నీళ్ళ మీద ఆకులు, అప్పుడప్పుడు చచ్చిన తూనీగ. వాటిని అరచేత్తో పక్కకు తోసి, అడుగు కదలకుండా పైపై నీళ్ళు తీసుకోవడం ఒక విద్య. తమ్ముడికి అది వచ్చేది కాదు, మూతి పెట్టేసి తాగేవాడు. ఏమీ కాలేదు. ఇద్దరికీ ఏమీ కాలేదు. ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా నాలుక దానంతటదే పోయి ముందు పన్ను విరిగిన అంచును తడుముతుంది. ఏమీ కాకపోవడమంటే ఇదన్నమాట అనుకుంటుంది.

వంటగది గుమ్మం అవతల, ముందు గదిలో, వీధి తలుపు పక్కన చెప్పుల పీట మీద కూతురు కూర్చుని ఉంది. బడి నుంచి వచ్చి, పాలు తాగి, జడ తనే వేసుకుని, బూట్లు తొడుక్కుని లేసులు కూడా కట్టేసుకుంది. పదకొండేళ్ళ పిల్ల. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్న పెద్దమనిషిలా తలుపు వైపు చూస్తోంది. కాసేపట్లో బడిలో పాటల సాధన. తరగతి పిల్లలంతా వీధి మలుపులో బూట్లు కుట్టే అతని దుకాణం దగ్గర కలుసుకుని అక్కణ్ణుంచి కబుర్లాడుకుంటూ నడిచిపోతారు. ఈ పిల్ల మాత్రం తల్లి చెయ్యి పట్టుకుని అవతలి పేవ్‌మెంటు మీద వెళ్తుంది. ఇవాళ వస్తూనే పుస్తకాల సంచీ దించకుండానే మొదలుపెట్టింది.

"సాధనకి ఇవాళ నేనొక్కదాన్నే వెళ్తా."

"రేపు చూద్దాంలే."

"రేపటి సంగతి రేపు. నేను ఇవాళ్టిది అడుగుతున్నా."

"నాన్నని రానీ. అడుగుదాం."

"అడిగితే ఏమంటాడో నీకు తెలుసు. నాకూ తెలుసు. మరి అడగడం దేనికి?"

"సరే, నేనే దింపుతా. లోపలిదాకా రాను, గేటు దగ్గరే ఆగిపోతా."

"నువ్వు దింపితే నేను పాడను. టీచరుకి చెప్పేస్తా, ఇక రానని. వాళ్ళు నన్నేమంటారో తెలుసా? పార్సిలు. గేటు దగ్గర అప్పజెప్పి, మళ్ళీ గేటు దగ్గర విడిపించుకుపోతావు కదా, అందుకని."

ఆమెకు నవ్వొచ్చింది ముందు. పెళ్ళైన కొత్తలో ఆమె పనిచేసింది పార్సిల్ ఆఫీసులోనే. తూకం వేసి, తాడు గట్టిగా ఉందో లేదో లాగి చూసి, పగిలే సామాను అయితే ఎర్రచీటీ అంటించి లోపలికి తోసేది. పిల్ల పుట్టాక ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలన్నారు. ఆ ఎవరో ఒకరు తనే అవుతుందని ఎవరూ అనలేదు గాని, అందరూ తన వైపే చూశారు. నవ్వు సగంలో ఆగిపోయింది, ఎందుకంటే కూతురు నవ్వడం లేదు. పాట ఆ పిల్లకు ప్రాణం. స్నానాల గదిలోంచి వినిపించే గొంతు ఇంట్లో మిగతా గొంతులన్నిటికంటే పెద్దది. మానేస్తానంటే మానేస్తుంది, ఆ మొండితనం ఎక్కడిదో ఆమెకు తెలియనిది కాదు. అందుకే అవుననలేక, కాదనలేక, వంటగదిలోకి వచ్చి ఈ సీసా పట్టుకుంది. ఆయన వచ్చే వేళైంది. ఆయన రాకముందు చెబితే అవునని చెప్పొచ్చు. వచ్చాక ఇక చెప్పడానికేమీ మిగలదు.

ఆయన అంబులెన్సు నడుపుతాడు. ఇంటికొచ్చి ఏమీ చెప్పడు. చెప్పకూడదనో, చెప్పలేకో, ఆమె ఎప్పుడూ తేల్చుకోలేదు. పని దగ్గరే మొహం కడుక్కుని సబ్బు వాసనతో వస్తాడు. కొన్ని రోజులు వచ్చి అన్నం తిని నిద్రపోతాడు. అవి మంచి రోజులు. కొన్ని రోజులు చొక్కా అయినా విప్పకుండా మంచం కింది నుంచి పనిముట్ల పెట్టె లాగుతాడు. అలా ఒకరోజు పెట్టె తీసి బట్టల బీరువాను గోడకు మరలతో బిగించాడు. ఏ ఇంట్లోనో బీరువా ముందుకు పడిందన్నమాట. ఒకరోజు తెరలకున్న తాళ్ళన్నీ కత్తిరించేశాడు. ఒకరోజు ఎత్తు పీట కాళ్ళు రంపంతో సగానికి కోశాడు. ఇంకోరోజు స్నానాల గదిలో సగం నిండిన బకెట్టును ఒంపేసి, బోర్లించి, దాని పక్కనే నేల మీద చాలాసేపు కూర్చుండిపోయాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో నీళ్ళున్న బకెట్టు అన్నది లేదు. వానాకాలంలో కూతురి కోటు టోపీకున్న తాడును సూదితో లాగి పారేశాడు. ఆమె అడగదు. ఏ పనిముట్టు తీశాడో చూసి ఆ రోజు ఏం జరిగిందో తెలుసుకుంటుంది. బయటివాళ్ళకు ఇల్లు ఇల్లులాగే ఉంటుంది, కాస్త ఎక్కువ జాగ్రత్తగా. పై అంతస్తు టీచరమ్మ ఒకసారి బల్ల మూలలకు అంటించిన స్పంజి ముక్కలు నొక్కి చూసి, "మీ ఇంటికొస్తే గాజుసామాను పెట్టెలో కూర్చున్నట్టుంటుందండీ," అని నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ మేకుల వెనకా మరల వెనకా ఒక్కొక్క పిల్ల ఉందని, పేరు తెలియని, మొహం తెలియని పిల్లలతో ఇల్లు నిండిపోయిందని, రాత్రి లేచి మంచినీళ్ళకు వెళ్తే వాళ్ళ మధ్యలోంచి పక్కకు ఒదిగి నడిచినట్టుంటుందని టీచరమ్మకు ఎలా చెబుతుంది. ఆయన్ను తప్పుపట్టడానికీ లేదు. అరిచే మనిషైతే ఎదురు మాట్లాడొచ్చు. కూతుర్ని ఇన్‌స్పెక్టరు గారూ అని పిలుస్తాడు, ఇన్ని ప్రశ్నలు వేస్తుందని. ఒకరోజు వచ్చి పెట్టె తీయలేదు, ఏదీ బిగించలేదు. నిద్రపోతున్న కూతురి తల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆ రోజు బిగించడానికి ఏమీ లేదు కాబోలు. అన్ని రోజుల్లోనూ ఆమెకు ఎక్కువ భయమేసింది ఆ రోజే.

రింగు శుభ్రమైంది. మళ్ళీ మూతలోకి ఎక్కించాలి. ఇంట్లో ఇంత చప్పుడు లేకపోవడం ఆమెకు ఎప్పటికీ అలవాటు కాలేదు. చిన్నప్పుడు చప్పుళ్ళే ఇల్లు. తల్లి ఆసుపత్రి చాకిరేవులో పనిచేసేది. పెద్ద పెద్ద గుండిగల్లో దుప్పట్లు ఉడికించి, పిండి, డాబా మీద ఆరేసే పని. పొద్దున్నే పిల్లలిద్దరికీ మొహాలు కడిగి, అన్నం డబ్బా గుమ్మం బయటి గూట్లో పెట్టి, ఇంటికి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని వెళ్ళిపోయేది. పిల్లలు లోపల కాదు, బయట. తాళం ఇంట్లో ఉన్న ఇత్తడి గిన్నెలకు. పిల్లల్ని ఎవరెత్తుకుపోతారు. పొద్దు వాలేదాకా వీధి వాళ్ళది. ఆ వీధి చివర కట్టడం ఆగిపోయిన మేడ, మెట్లకు పిట్టగోడ లేదు, కిటికీలకు చట్రాలు లేవు. దాని ముందు ఎప్పుడో పోసిన ఇసక గుట్ట. మొదటి అంతస్తు కిటికీ కంతలోంచి ఇసక మీదికి దూకేవాళ్ళు. గాలిలో ఉన్నంతసేపూ ఎవరికీ ఏమీ కాని పిల్ల, ఇసక తగలగానే మళ్ళీ తను. అవతల మురుగు కాలవ కోసం తెచ్చి వదిలేసిన సిమెంటు గొట్టాలు, వాటిలో పాకుతూ పోతే అవతలి వెలుగు రూపాయి బిళ్ళంత, తర్వాత పళ్ళెమంత. గొట్టంలో పేరు పెట్టి పిలిస్తే పేరు తిరిగొచ్చి మీద పడేది. ఆ గొట్టం అంచుకే పన్ను విరిగింది. సాయంత్రం తల్లి గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి చూసింది. "ఆ పక్కన నమలకు," అని వెళ్ళి పొయ్యి వెలిగించింది. అంతే. ఆ రోజు తను ఎంత పెద్దదైపోయిందో.

ఈ కథలన్నీ కూతురికి చెప్పింది. అదీ తను చేసిన పని. ఎక్కడికీ పంపలేని పిల్లకు రాత్రుళ్ళు పక్కలో పడుకోబెట్టుకుని ఇసక గుట్ట కథ, గొట్టాల కథ, కాపలా ముసలాయన టోపీలో కప్ప పెట్టిన కథ. చెప్పగా చెప్పగా అవి నున్నగా తయారయ్యాయి. ఇసక గుట్ట ఎత్తు పెరిగింది. కప్ప ఒకటి కాస్తా ముగ్గురు పిల్లల తల్లి అయింది. ఆయన పక్క గదిలోంచి, "దానికి ఆశలు పెట్టకు," అనేవాడు, విసుగుతో కాదు, బతిమాలినట్టు. ఆమె వినలేదు. కథకేం, కాళ్ళున్నాయా, గడప దాటుతుందా అనుకుంది. మొన్న రాత్రి కూతురు కథ మధ్యలో ఆపేసింది. "ఇవన్నీ నీవే కదమ్మా," అంది చీకట్లో. "రేపు నా కూతురికి నేనేం చెప్పాలి? నీ కథలే చెప్పాలా?" ఆమె దుప్పటి సర్దింది. అటు తిరిగి పడుకున్న పిల్ల నిద్రలోకి జారే దాకా చూస్తూ ఉంది. ఇవాళ ఆ బూట్లు, ఆ లేసులు ఆ మాటలోంచి వచ్చినవే.

చెప్పని కథ ఒకటుంది. ఎప్పుడూ నోటిదాకా రానివ్వదు, వచ్చినా ఇసక గుట్ట మీదికి మళ్ళిస్తుంది. వానరోజు. పొద్దున్నే మబ్బు పట్టినా తల్లి తాళం వేసి వెళ్ళింది, వెళ్ళకపోతే ఎలా. మధ్యాహ్నానికి తమ్ముడి ఒళ్ళు కాలిపోతోంది. ముందు గొట్టంలో కూర్చున్నారు. గొట్టంలోకి నీళ్ళొచ్చాయి. వాణ్ణి వీపు మీద వేసుకుని ఇంటికొచ్చింది. ఎదురింటి తలుపు కొడితే తీయలేదు, ఊళ్ళో లేరో, వాన చప్పుడుకు వినపడలేదో. చూరు కింద నిలబడితే సగం ఒళ్ళే తడవదు. ఇంటికెళ్దాం అక్కా అని వాడు ఒకటే ఏడుపు. ఇదేరా ఇల్లు అంటే, లోపలికెళ్దాం అంటాడు. అప్పుడు తను వాళ్ళ ఇంటి తలుపే కొట్టడం మొదలుపెట్టింది. లోపల ఎవరూ లేరని తెలుసు. బయట తాళం వేలాడుతోంది, తలుపు కొట్టినప్పుడల్లా అదీ కొట్టుకుంటోంది. అయినా రెండు చేతులతో, తర్వాత తలతో, ఎవరో ఒకరు లోపలి నుంచి వచ్చి తీస్తారన్నట్టు కొట్టింది. లోపల పొడి పక్క ఉంది, పొయ్యి ఉంది, గూట్లో మందు సీసా ఉంది. ఊరంతా వాళ్ళదే, ఆ ఒక్క గది తప్ప. తమ్ముడు బతికాడు, ఇప్పుడు రేవులో క్రేను నడుపుతాడు, వాడికది గుర్తు కూడా లేదు. అడిగితే, "మన చిన్నప్పుడు ఎంత బావుండేదక్కా, ఇప్పటి పిల్లలకేం తెలుసు," అంటాడు. అవున్రా అంటుంది. నిజంగానే బావుండేది. బావుండేదన్నదీ నిజమే, ఆ తలుపూ నిజమే. రెంటినీ ఒకేసారి పట్టుకోవడానికి చేతులు చాలవు.

కిందటిసారి తల్లి చూడ్డానికి వచ్చినప్పుడు ఇల్లంతా తిరిగి చూసి, బీరువా మరలు చూసి, "పిల్లని పెంచుతున్నారా, దొంగసొత్తు దాచారా?" అంది. వయసు మీద పడినా ఆ నోటికి వాడి తగ్గలేదు. ఆ సాయంత్రం ఇద్దరూ ఉతికిన బట్టలు మడతపెడుతుంటే ఆమె ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగింది. తల్లికి డాబా మీద పని. డాబా నాలుగంతస్తుల ఎత్తు. అక్కణ్ణుంచి తమ వీధి, మేడ, ఇసక గుట్ట అన్నీ కనపడాలి. ఇన్నేళ్ళూ మనసులో ఒక బొమ్మ కట్టుకుని ఉంచుకుంది, పైనుంచి తల్లి చూస్తూనే ఉంది, దూకినప్పుడల్లా ఆ కళ్ళు పట్టుకున్నాయి అని.

"డాబా మీంచి మేం కనిపించేవాళ్ళమా అమ్మా?"

"ఎందుకు కనిపించరు? చీమల్లాగా. నీ ఎర్రగౌను ఒక్కటే పోల్చుకునేదాన్ని."

"దూకడం చూశావా?"

"ఒక్కసారి చూశా. మొదటి రోజు." తల్లి చొక్కా గుండీలు పెడుతోంది. "కాళ్ళు చేతులు ఆడలేదు నాకు. తడిబట్ట చేతిలోంచి జారి కిందికి పోయింది. మేస్త్రీ తిట్టాడు. మర్నాడు పనిలోకి వెళ్ళగానే మొట్టమొదటి దుప్పటి అటువైపు ఆరేశా. రోజూ అంతే. ముందు అటువైపు ఆరేసి, తర్వాతే మిగతా పని. చూస్తూ చెయ్యి ఆడించగలనా?"

"భయమెయ్యలేదా?"

"దేనికే, అందుకేగా దుప్పటి," అంది తల్లి, అదొక చిన్నపిల్ల ప్రశ్న అన్నట్టు. మడతపెట్టిన చొక్కా మీద అరచెయ్యి ఒత్తి, ఇంకోటి తీసుకుంది.

అప్పటి నుంచి ఆ దుప్పటి ఆమె కళ్ళలోంచి పోలేదు. ఎండలో తెల్లగా, బరువుగా, గాలికి ఉబ్బుతూ. దాని ఇవతల చేతులెత్తి నిలబడ్డ మనిషి. అవతల ఎర్రగౌను గాల్లో. తనది స్వేచ్ఛ అనుకుంది, ఎవరో రోజూ పొద్దున్నే కళ్ళకు అడ్డం కట్టుకుంటే దొరికిన స్వేచ్ఛ. అది ప్రేమో, గత్యంతరం లేకపోవడమో. ఆయనేమో చూస్తూనే ఉంటాడు, పగలంతా చూసి వచ్చి, ఇంట్లో కూడా చూస్తాడు, కళ్ళు మూసినా చూస్తాడు. ఆయనకు అడ్డం కట్టడానికి ఏ దుప్పటి సరిపోతుంది. తను ఈ ఇద్దరి మధ్యా, ఈ వంటగదిలో, చూడనూ లేక, చూడకుండా ఉండనూ లేక నిలబడిపోయింది. ఊపిరి పీలిస్తే గోడ తగులుతున్నట్టుంది. పార్సిల్ ఆఫీసులో సామాను చేరేచోటు రాయని డబ్బాలు కొన్ని వచ్చేవి, వెనక్కి పంపడానికీ ఎవరిదో తెలియదు. మూల గదిలో పడి ఉండేవి. తాళ్ళు మాత్రం గట్టిగా ఉండేవి. ముందు గదిలో పీట కిర్రుమంది. కూతురు కాలు మీద కాలు మార్చుకుంది కాబోలు. ఇంకా అడగడం లేదు. ఇందాకటి నుంచి ఒక్కసారి కూడా టైమెంతయిందని అడగలేదు. వీధిలోంచి పిల్లల గొంతులు వచ్చాయి, ఎవరో ఎవర్నో తరుముతున్నట్టు, నవ్వు, మళ్ళీ దూరమైపోయాయి. మలుపు దగ్గర చేరుతున్నారు. ఇంకాసేపు ఆగి వెళ్ళిపోతారు. వెళ్ళు అనాలి. రెండక్షరాలు. నోరు తెరిస్తే ఏ బీరువా, ఏ బకెట్టు గుర్తొస్తుందో.

ఫోను మోగింది. తడిచెయ్యి నడుముకు తుడుచుకుని ఎత్తింది. ఆయనే. వెనక ఎవరో ఎవర్నో గట్టిగా పిలుస్తున్నారు, చక్రాల మంచం నేల మీద దొర్లుతోంది.

"నాకు ఆలస్యమవుతుంది," అన్నాడు. గొంతు ఎక్కడో కిందినుంచి వస్తోంది. "పిల్ల ఇంట్లోనే ఉందిగా?"

ఆమె ఫోనుతోనే ముందు గదిలోకి వచ్చింది. కూతురు పీట మీంచి లేచి నిలబడి ఉంది.

"ఉంది."

"ఇవాళ ఎక్కడికీ పంపకు. పాటా లేదు, ఏమీ లేదు. నువ్వు కూడా తీసుకెళ్ళకు. రోడ్డు బాగాలేదు."

ఇన్నేళ్ళలో ఈ మాత్రం కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఏ రోడ్డు అని అడగాలి. ఎన్నేళ్ళ పిల్ల అని అడగాలి. అడిగితే చెబుతాడేమో, చెబితే ఇక ఆ పిల్ల కూడా ఈ ఇంట్లోకి వచ్చేస్తుంది. కూతురు కళ్ళార్పకుండా తనవైపే చూస్తోంది. ఫోనులోని మాట ఆ పిల్లకూ వినిపించింది. మొహంలో ఏడుపు లేదు, కోపమూ లేదు. ముందే తెలిసిన లెక్కకు జవాబు చూసుకున్నట్టుంది.

"వింటున్నావా?"

"వింటున్నా."

కూతురు తలుపు వైపు తిరిగింది. పైగడియ చాలా ఎత్తులో ఉంది, అందకూడదనే ఆయన అంత ఎత్తున పెట్టాడు. పిల్ల మునివేళ్ళ మీద లేచి, చెయ్యి చాచి, గడియను ముందు కొంచెం పైకెత్తి తర్వాత పక్కకు లాగింది. అలా ఎత్తి లాగితేనే అది చప్పుడు కాదు. ఆ సంగతి ఒకటి రెండుసార్లు తీసినవాళ్ళకు తెలిసేది కాదు. ఎప్పటి నుంచి అందుతోందో. అందుతూ కూడా, తీయగలిగి కూడా, ఇన్నాళ్ళూ వచ్చి తనను అడుగుతూ కూర్చుంది. ఆమె చెయ్యి చాపితే జడ అందుతుంది. చాపలేదు.

తలుపు తెరుచుకుంటూ మూలిగింది.

"ఏంటది? ఏం చప్పుడు?"

"గాలి," అంది ఆమె. "వంటింటి కిటికీ కొట్టుకుంటోంది."

ఆ ఇంట్లో ఏ కిటికీ కొట్టుకోదు. బెత్తెడు మించి తెరుచుకోకుండా ప్రతి దాన్నీ ఆయనే బిగించాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు. అవతల మాట ఆగిపోయింది. చక్రాల చప్పుడు మాత్రం దూరంగా పోతూ వినిపిస్తోంది. ఆయన మళ్ళీ అడుగుతాడేమో అని ఆమె ఫోను చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది.

కూతురు గడప మీద ఆగి వెనక్కి తిరిగింది. తల్లిని, ఇంతకుముందు ఎక్కడా చూడని మనిషిని చూసినట్టు, ఒక్క క్షణం చూసింది. తర్వాత జడ వెనక్కి వేసుకుని, తలుపు దగ్గరగా లాగి, వెళ్ళిపోయింది.